గృహవైద్య ప్రసంగము: మోచేతి నొప్పి

గత మాసమున విశాఖపట్టణమునుండి ఒక సోదరీమణి మాకు వ్రాసిన లేఖను ఈ మాసపు ప్రసంగమునకు విషయముగా గ్రహించితిమి. ఆమె కుమార్తెకు పందొమ్మిది యేండ్లు. కళాశాలలో చదువుకొనుచు, సెలవు దినములయందు సముద్రముపై విండ్‌సర్ఫింగు అను క్రీడను నేర్చుకొనుచున్నదట. రెండు నెలలుగా ఆ బాలికకు కుడి మోచేతి వెలుపలి ప్రక్క నొప్పి బయలుదేరినది. మంచినీళ్ల చెంబు ఎత్తినను, తలుపు గడియ త్రిప్పినను చురుక్కుమనుచున్నదట. వైద్యునకు చూపగా, ఎముకకు భయము లేదనియు, కొంతకాలము జాగ్రత్తగా నుండవలెననియు చెప్పి పంపినాడట. “ఆడపిల్లకు ఈ ఆట యెందుకని బంధువులు అనుచున్నారు. మాన్పింపవలెనా? నొప్పి తగ్గు మార్గము కలదా?” అని ఆ తల్లి ప్రశ్న.

సమాధానము వ్రాయబోవుచుండగా, లేఖ చివర సంతకమునకు పైన చిన్న అక్షరములతో వ్రాసిన ఒక పంక్తి మా కంటబడినది. “నాకును బట్టలు పిండునప్పుడు అట్టి నొప్పియే యేడాదిగా నున్నది గాని, అది వ్రాయదగిన సంగతి కాదు.”

సోదరీ, అది తప్పక వ్రాయదగిన సంగతియే. మీ అమ్మాయి చేతిలోని నొప్పియు మీ చేతిలోని నొప్పియు ఒకటే కావచ్చును. ఆమెకు రెండు నెలలలో వైద్యుడు దొరికినాడు. మీకు యేడాదికిని దొరకలేదు. కావున ఈ ప్రసంగమును తల్లీబిడ్డలు ఇరువురకును కలిపి వ్రాయుచున్నాము.

ముందుగా ఈ క్రీడ యెట్టిదో తెలియని పాఠకురాండ్రకు రెండు మాటలు చెప్పెదము. నీటిపై తేలు పొడవైన పలకకు ఒక తెఱచాప స్తంభము అమర్చబడి యుండును. పడవలోవలె ఆ స్తంభము కదలక నిలుచునది కాదు. మొదట నున్న కీలుపై అన్ని దిక్కులకు వంగును. ఆటగత్తె పలకపై నిలువబడి, తెఱచాప నడుమ నున్న అడ్డకఱ్ఱను రెండు చేతులతో పట్టుకొని, గాలి బలమును తన దేహపు బరువుతో ఎదుర్కొనుచు పలకను నడుపవలెను. 1968లో అమెరికా దేశపు కాలిఫోర్నియాయందు హాయిల్ ష్వైట్జరు, జిమ్ డ్రేకు అనువారు దీనికి పేటెంటు కోరిరి. 1984లో ఇది ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, 1992లో స్త్రీలకును ప్రవేశపెట్టబడినది.

“ఆడపిల్లకు ఈ ఆట యెందుకు” అను బంధువులకు ఒక్క సంగతి చెప్పవచ్చును. 2023లో చైనాలోని హాంగ్‌చౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు ఈబాద్ అలీ ఈ తెఱచాప పలక పందెమున కాంస్య పతకము గెలిచినాడు. అవే క్రీడలలో నేహా ఠాకూర్ అను బాలిక చిన్న తెఱచాప పడవ పందెమున రజత పతకము గెలిచినది. గాలికి ఆడ మగ భేదము లేదు. మోచేతి నొప్పికిని లేదు. కాబట్టి ఆటను మాన్పింపవలెనా యను ప్రశ్నను ఆడపిల్ల యను మాటతో ముడిపెట్టక, చేయి యేమి చెప్పుచున్నదో విని తీర్మానింపవలెను.

చేయి యేమి చెప్పుచున్నది? ఒక చిన్న పరీక్ష చేయుడు. ఎడమ అరచేతిని కుడి ముంజేతి వెనుక భాగముపై మోచేతికి కొంచెము క్రిందుగా ఉంచి, కుడి పిడికిలిని గట్టిగా బిగింపుడు. ఎడమచేతి క్రింద కండ ఱాయివలె గట్టిపడుట తెలియును. వ్రేళ్లను ముడుచు కండలు ముంజేతి లోపలి ప్రక్కన కదా యున్నవి, వెనుక కండ యేల బిగిసినది అని మీకు తోచవచ్చును. పట్టు బిగించినపుడెల్ల మణికట్టు లోపలికి ముడుచుకొని పోకుండ వెనుక కండలు దానిని నిలిపి పట్టవలెను. ఆ కండలలో ముఖ్యమైనవి మోచేతి వెలుపల చేతికి తగులు చిన్న ఎముక బొడిపె నుండి బయలుదేరును. కండను ఎముకకు కట్టు తెల్లని నారవంటి భాగమును స్నాయుబంధనము అందురు. ఎంత గట్టిగా పట్టితిమో, ఎంతసేపు పట్టితిమో, అంత భారమును ఆ వ్రేలెడు చోటు మోయుచున్నది.

ఇప్పుడు రుషికొండ తీరమున గాలికి ఎదురొడ్డి అరగంటసేపు అడ్డకఱ్ఱను విడువని బాలికను తలచుకొనుడు. పిమ్మట ఇంటి పెరటిలో తడిసిన దుప్పట్లను ఒకదాని తరువాత నొకటి మెలిపెట్టి పిండు తల్లిని తలచుకొనుడు. సముద్రము వేఱు, పెరడు వేఱు, పట్టు ఒకటే. పెద జాలరిపేట ఒడ్డున వల లాగు బెస్తవాని చేయియు, రేవునందు మోకులు బిగించువాని చేయియు, ఉక్కు కర్మాగారమున రెంచీ త్రిప్పువాని చేయియు ఈ జాబితాలోనివే.

పాశ్చాత్య వైద్యులు దీనికి పెట్టిన పేరు విచిత్రమైనది. 1873లో రుంగే అను జర్మను వైద్యుడు దీనిని మొదట వర్ణించినపుడు వ్రాతపని వలన కలిగిన బాధగా చెప్పినాడు. 1882 ప్రాంతమున ఇంగ్లాండునందు పచ్చికపై టెన్నిసు ఆడువారి చేతి నొప్పిగా దీనిని పేర్కొనిరి. నాటినుండి టెన్నిసు మోచేయి అను పేరు నిలిచిపోయినది. కాని ఈ వ్యాధి కలవారిలో అధిక సంఖ్యాకులు జన్మలో టెన్నిసు బ్యాటు పట్టి యెఱుగరు. ఆటవలన వచ్చిన నొప్పికి పేరు దొరికినది. పనివలన వచ్చిన నొప్పికి పేరు లేకపోయినది. మా సోదరి తన నొప్పిని చిన్న అక్షరములతో వ్రాయుటకు ఇదియు నొక కారణమేమో.

ఈ నొప్పి ముప్పదియైదు మొదలు ఏబదియైదు ఏండ్ల లోపువారిలో హెచ్చు; స్త్రీ పురుషులకు ఇంచుమించు సమానముగానే వచ్చును. చిన్నవారిలో వచ్చినచో తఱచుగా క్రొత్త పనిని ఒక్కసారిగా హెచ్చించుటయే హేతువై యుండును. దీని స్వభావమును గూర్చి ఒక పొరపాటు అభిప్రాయము కలదు. లోపల వాపు ఉన్నదనియు, అది తీసినచో నొప్పి పోవుననియు చాలమంది తలంతురు. దీర్ఘకాలపు నొప్పిలో వాపుకంటె నారల అమరిక చెడుటయే ముఖ్యమని శస్త్రవైద్యులు కనుగొనిరి. నూతి గిలకపై చేదత్రాడు ఒకేచోట ఒఱసి పోగులు విడినట్లుండును. అయితే త్రాడు తనంతట తాను మరల పేనుకొనలేదు, దేహము పేనుకొనగలదు. అందుకు రెండు కావలెను: ఒఱపిడి తగ్గవలెను, కొలతకు తగిన పని దొరకవలెను. చికిత్సయంతయు ఈ రెండు మాటలలో నున్నది.

మీ నొప్పి ఇదియే యగునో కాదో ఇట్లు కొంతవఱకు తెలిసికొనవచ్చును. మోచేతిని చాపి, అరచేతిని నేలవైపు త్రిప్పి, కుర్చీ వీపును పట్టి యెత్త ప్రయత్నింపుడు. మోచేతి వెలుపలి బొడిపెవద్ద నొప్పి కలిగి, ఆ బొడిపెపై వ్రేలితో నొక్కినను అదే నొప్పి కలిగినచో ఈ వ్యాధియని అనుమానింపవచ్చును. నొప్పి లోపలి బొడిపెవద్ద నున్నచో అది దీని సోదరవ్యాధి. దానిని గోల్ఫు మోచేయి అందురు. వ్రేళ్లను, మణికట్టును లోనికి ముడుచు కండల మొదలు అక్కడ నుండును. దాని చికిత్సామార్గమును ఇట్టిదే, వ్యాయామము మాత్రము అరచేతిని పైకి త్రిప్పి చేయవలెను.

ఇక మొదటి పని ఒఱపిడి తగ్గించుట. చేతిని కదపక మెడకు వ్రేలాడగట్టుట దీనికి మందు కాదు. విఱిగిన యెముకకు వేయునట్టి కట్టు వేయించి వారములకొలది ఉంచినచో కీలు బిగియును, కండ చిక్కిపోవును, నొప్పి మొదలు మాత్రము అట్లే యుండును. మఱి, పంటి బిగువున ఓర్చుకొని అన్ని పనులు యథాప్రకారము చేయుటయు తగదు. పనిలో నొప్పి పదింట రెండు మూడు పాళ్లకు మించక, మఱునాటి ఉదయమునకు మునుపటి స్థితికి వచ్చినచో ఆ పని సాగింపవచ్చును. అంతకు మించినచో ఆ పని తగ్గింపవలెను. ఈ కొలత తల్లికిని బిడ్డకును సమానము.

అమ్మాయికి చెప్పవలసినవి ఇవి. కొన్ని వారములు బలమైన గాలి గల దినములలో నీటికి పోరాదు. పోయినపుడు చిన్న తెఱచాపను వాడవలెను. పది పదిహేను నిమిషముల కొకసారి చేతులు విడిచి విశ్రమింపవలెను. హార్నెసు అను నడుము పట్టీ కొక్కెమును అడ్డకఱ్ఱకు కట్టిన త్రాటికి తగిలించినచో గాలి లాగుడు చేతులపై గాక దేహపు బరువుపై పడును. చేతులు నడిపించుటకే గాని మోయుటకు కావు. దీనిని గురువువద్ద తిన్నగా నేర్చుకొనవలెను. అడ్డకఱ్ఱ లావుగా నున్నచో పట్టు హెచ్చు బిగువు కోరును గావున, చేతికి తగిన సన్ననిది చూచుకొనవలెను. నీటిలో పడిన తెఱచాపను లేవనెత్తునపుడు మోచేతులు వంచి గుంజక, చేతులు చాపి కాళ్ల బలముతో వెనుకకు వ్రాలవలెను. క్రొత్తవారు భయముచేత కఱ్ఱను పిసికినట్లు పట్టుదురు. ఆ పిసుకుట మానుటయే సగము వైద్యము. విశాఖ తీరమున అలల విఱుపు, లోనికి లాగు ప్రవాహము ప్రమాదకరములు. నైరుతి ఋతుపవనముల కాలమున సముద్రము మఱింత కల్లోలముగా నుండును. చేతిలో పట్టు తగ్గిన దినమున అక్కడ దిగుట మోచేతికే గాక ప్రాణమునకును ముప్పు.

తల్లికి చెప్పవలసినవి ఇవి. బట్టలను మెలిపెట్టి పిండవలదు. దండెముపై వేసి నీరు కారనిచ్చి, రెండు అరచేతుల నడుమ నొక్కినచో చాలును. దుప్పట్లవంటి బరువు బట్టలను ఇరువురు చెఱియొక కొస పట్టి పిండవలెను. బిందెను, కుక్కరును, పిండి గిన్నెను ఒంటిచేత అంచు పట్టి ఎత్తరాదు. మోచేతులు ఒంటికి చేర్చి, అరచేతులు పైకి త్రిప్పి, క్రిందినుండి రెండు చేతులతో ఎత్తవలెను. అరచేయి క్రిందికి త్రిప్పి ఎత్తినపుడు భారమంతయు నొచ్చిన చోటనే పడును. చీపురు, గరిట, కత్తి మొదలగువాని పిడి మరీ సన్ననైనచో గుడ్డ చుట్టి చేతికి నిండుగా చేసికొనవలెను. మొద్దుబాఱిన కత్తిపీట చేతికి శత్రువు. దానిని పదును పెట్టింపుడు. కూరలన్నియు ఒక్క బిగిని తఱుగక నడుమ నడుమ చేయి మార్చుడు. రాత్రి వేళ చరవాణిని చేత బట్టి గంటలకొలది చూచుటయు పట్టులోనికే వచ్చును.

రెండవ పని కండకును నారకును కొలతకు తగిన వ్యాయామము. బల్ల అంచున ముంజేతిని ఆనించి, అరచేయి నేలవైపు నుండగా మణికట్టును అంచుకు వెలుపల ఉంచుడు. రెండవ చేతితో దానిని క్రిందికి నొక్కుచు, నొచ్చిన చేయి కదలక ఎదురు నిలువవలెను. ముప్పది మొదలు నలుబదియైదు లెక్కలవఱకు నిలిపి, విడిచి, మరల చేయుడు. ఇట్లు ఐదు మాఱులు. వారము పదిదినములు ఇది సుఖముగా సాగినచో, అరలీటరు నీళ్ల సీసాను చేత బట్టి, రెండవ చేతి సాయముతో మణికట్టును పైకెత్తి, సాయము విడిచి, మెల్లగా నాలుగు లెక్కలలో క్రిందికి దింపవలెను. పది మొదలు పదిహేను మాఱులు ఒక విడత. దినమునకు మూడు విడతలు. నీళ్లు పోసికొనుచు బరువు క్రమముగా హెచ్చింపవచ్చును. కొంచెము నొప్పి కలుగుట సహజము. మఱునాటికి నిలిచినచో బరువు తగ్గింపవలెను. ఫలము రెండు మూడు దినములలో కనబడదు. ఆఱు మొదలు పండ్రెండు వారములు విడువక చేయవలెను. అందఱును ఇక్కడనే తప్పిపోవుదురు: నొప్పి హెచ్చుగా నున్నపుడు చేయలేమందురు, తగ్గినపుడు అక్కఱ లేదందురు.

బొడిపెకు రెండు వ్రేళ్ల వెడల్పు క్రిందుగా కండపై కట్టుకొను పట్టీలు మందుల దుకాణములలో దొరకును. పనివేళ కొందఱకు ఊఱట నిచ్చును. బిగువెక్కి వ్రేళ్లు తిమ్మిరెక్కకుండ చూచుకొని, నిద్రవేళ తీసివేయవలెను. గుడ్డలో చుట్టిన మంచుగడ్డగాని, గోరువెచ్చని కాపడముగాని పది నిమిషములు పెట్టినచో హాయిగా నుండును. అది ఉపశమనమే గాని చికిత్స కాదు. నొప్పి మాత్రలను దినదినమును మ్రింగు అలవాటు కూడదు. కడుపు పుండు, రక్తపు పోటు, మూత్రపిండముల వ్యాధి గలవారును, గర్భిణీ స్త్రీలును వైద్యు నడుగక ఆ మాత్రల జోలికి పోరాదు.

సూదిమందును గూర్చి పలువురు అడుగుదురు. నొచ్చిన చోట స్టీరాయిడు సూది వేసినచో ఒకటి రెండు వారములలో నొప్పి ఆశ్చర్యకరముగా తగ్గుట నిజమే. కాని ఆస్ట్రేలియాలో 198 మందిపై జరిగి, 2006లో బ్రిటిషు వైద్యపత్రికయందు ప్రకటింపబడిన పరిశోధన మఱియొక సంగతి తెలిపినది. సూది వేయించుకొన్నవారు ఆఱు వారములకు అందఱికంటె మేలుగా నుండిరి. కాని ఆ మేలు పొందినవారిలో 72 వంతుల మందికి నూటికి నొప్పి మరల హెచ్చినది. యేడాది చివరకు వ్యాయామ చికిత్స పొందినవారును, కేవలము సలహా విని వేచియున్నవారును వారికంటె మేలుగా నుండిరి. వేచియున్నవారికంటె వ్యాయామము చేసినవారికి మొదటి వారములలో ఊఱట హెచ్చు. కావున తొందరపడి సూదిని కోరవలదు. ఈ నొప్పి చాలమందికి యేడాది రెండేండ్లలో తగ్గిపోవును. శస్త్రచికిత్స యెన్నడో గాని అక్కఱ కలుగదు.

కొన్ని గుర్తులు కనబడినపుడు మాత్రము ఇంటి ఉపాయములతో కాలము గడపరాదు. పడిన పిమ్మట మోచేయి వాచినను, చాపుటకు రాకున్నను. కీలు ఎఱ్ఱబాఱి వేడెక్కి జ్వరము వచ్చినను. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కినను. నొప్పి మెడనుండి చేతిలోనికి దిగుచున్నను. చేతిలోని వస్తువులు జాఱిపోవుచున్నను వెంటనే వైద్యునకు చూపవలెను. ఎడమచేతి నొప్పితో గుండె బరువు, చెమట, ఆయాసము కలిగినచో అది మోచేతి సంగతియే కాదు. క్షణ మాలసింపక ఆసుపత్రికి పోవలెను. ఆఱు వారములు పైవిధముగా నడచినను గుణము కనబడనివారును వైద్యుని చూడవలెను. విశాఖలో 1923లో స్థాపింపబడిన కింగ్ జార్జి ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రులలో ఎముకల వైద్యులు కలరు. వారియొద్దకు పోవుటకు ఆటగత్తెయై యుండ నక్కఱలేదు. “బట్టలు పిండుచుండగా వచ్చినది” అని చెప్పుటకు సిగ్గుపడ నక్కఱయు లేదు.

పైన వ్రాసినవానిలో మిక్కిలి కష్టమైనది ఏది యని అడిగినచో, వ్యాయామము కాదు. అమ్మాయి ఆఱు వారములు గాలి దినములలో నీటికి పోకున్నచో సముద్రమునకు నష్టము లేదు. తల్లి ఆఱు వారములు దుప్పట్లు పిండకున్నచో ఇంటిలో ఎవరో పిండవలెను. ఆ ఎవరో యెవరను ప్రశ్నకు సమాధానము దుకాణములోని మందులలో లేదు. ఇంటి యజమాని, కుమారుడు, అత్తగారు, ఆటనుండి తిరిగివచ్చు కుమార్తె అందఱును కూర్చుండి చెప్పుకొనవలసిన సమాధాన మది. ఇంటిపనికి సెలవు దినము లేదు గనుకనే ఆ చేతి నొప్పి సంవత్సరము నిలుచుచున్నది.

సోదరీ, మీ ప్రశ్నకు మా సమాధానము ఇది. అమ్మాయిచేత ఆట మాన్పింపవలదు. కొంతకాలము తగ్గించి, పట్టు దిద్దుకొని, నడుము పట్టీతో మరల సాగింపనిండు. ఆమె సాయంకాలము బల్లవద్ద కూర్చుండి నీళ్ల సీసాతో వ్యాయామము చేయునపుడు, మఱియొక సీసా తెచ్చుకొని మీరును ఆమె ప్రక్కన కూర్చుండుడు. మూడు మాసముల పిమ్మట ఇరువురి చేతులు ఎట్లున్నవో మాకు వ్రాయుడు. ఈ మాఱు మీ చేతిని గూర్చి మొదటి పంక్తిలో, పెద్ద అక్షరములతో వ్రాయవలెనని కోరుచున్నాము.